చెరకు కాటా కింద ఒక ఆప్-యాంప్

ల్యాబ్ రికార్డులో నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్‌కి మనం ఇచ్చే చోటు రెండు పేజీలు. ఎయిమ్, కావలసిన సామాను, సర్క్యూట్ బొమ్మ, ఫార్ములా, ఆరు రీడింగుల టేబుల్, రిజల్ట్. ఫార్ములా కూడా చిన్నదే:

గెయిన్ = 1 + (ఆర్2 ÷ ఆర్1)

వైవాలో ఇది చెప్తే గట్టెక్కేస్తాం. కానీ కాసేపు ఆగి ఈ ఫార్ములా వైపు చూడండి. ఇందులో ఆప్-యాంప్ ఎక్కడుంది? సిగ్నల్‌ని పెంచే పని చేసేది ఆ ఎనిమిది కాళ్ళ నల్ల చిప్. దాని బలం ఎంతో ఫార్ములాలో ఎక్కడా లేదు. బయట తగిలించిన రెండు రెసిస్టర్లే ఉన్నాయి. కూలి పని ఒకడు చేస్తే, మస్టర్లో ఇంకెవరి పేరో రాసినట్టుంది కదా.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క విడ్డూరం గురించే. మనం సీఎస్ఈ వాళ్ళం కాబట్టి "కోడింగ్ చేసుకునేవాళ్ళకి ఇదెందుకు" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. దానికి నాకు తోచిన సమాధానం కూడా మధ్యలో వస్తుంది.

మా మావయ్యది ఎలమంచిలి దగ్గర పల్లె. రెండెకరాల చెరకు. ఫ్యాక్టరీకి తోలితే ముందు కాటా ఎక్కాలి. బండితో కలిపి ఒకసారి, దింపేశాక ఖాళీ బండి ఇంకోసారి. రెండూ తీసేస్తే చెరకు బరువు. ఒకసారి నన్నడిగాడు, "ఒరే, లారీ ఎక్కితే ఆ ఇనప ప్లేటు కిందకి దిగినట్టు కూడా కనపడదు. మరా నంబరు ఎక్కణ్ణుంచి వస్తాది?" ఇంకో ప్రశ్న కూడా వేశాడు, "మధ్యాన్నం ఎండలో తూస్తే ఒకలా, రాత్రి తూస్తే ఒకలా వస్తాదంటారు మావోళ్ళు. నిజవేనా?"

మొదటిది తేలికైన ప్రశ్న. రెండోది డబ్బుతో పనున్న ప్రశ్న. కేంద్రం 2024-25 సీజన్‌కి ప్రకటించిన చెరకు ధర, 10.25 శాతం రికవరీ లెక్కన, క్వింటాలుకి 340 రూపాయలు. పది టన్నుల బండిలో కాటా ఒక్క శాతం తక్కువ చూపిస్తే 100 కిలోలు పోయినట్టు, అంటే 340 రూపాయలు. సీజన్లో ఎన్ని బండ్లు తోలితే అన్నిసార్లు.

ప్లేటు దిగుతుంది, కానీ మన కంటికి ఆనదు. ప్లేటు కింద లోడ్ సెల్స్ ఉంటాయి. లోడ్ సెల్ అంటే గట్టి ఉక్కు దిమ్మ, దాని ఒంటికి అతికించిన సన్నటి రేకు లాంటి రెసిస్టర్లు. బరువు పడితే ఉక్కు వెంట్రుకవాసి నలుగుతుంది, దాంతో పాటు రెసిస్టర్ సాగడమో కుదించుకోవడమో జరుగుతుంది, రెసిస్టెన్స్ మారుతుంది. ఎంత మారుతుంది? మామూలుగా దొరికే 350 ఓమ్‌ల రకంలో పూర్తి బరువు వేస్తే 0.7 ఓమ్. అంతే. ఇలాంటివి నాలుగు కలిపి వీట్‌స్టోన్ బ్రిడ్జి కట్టి, దానికి 10 వోల్టులు ఇస్తే, పూర్తి బరువు దగ్గర బయటకి వచ్చేది 20 మిల్లీవోల్టులు.

లెక్క సులువుగా ఉండటానికి మన కాటా 60 టన్నులదనీ, 60 టన్నులకి 20 మిల్లీవోల్టులు వస్తాయనీ అనుకుందాం. నిజం కాటాలో నాలుగో ఆరో సెల్స్ ఉంటాయి, వాటి పూర్తి కెపాసిటీ వాడరు కాబట్టి ఇంకా తక్కువే వస్తుంది. మన లెక్కలో పది టన్నుల చెరకు అంటే 3.33 మిల్లీవోల్టులు. పది కిలోలు అంటే 3.3 మైక్రోవోల్టులు. దీన్ని నేరుగా డిజిటల్‌గా మార్చే చిప్‌కి ఇస్తే దానికి అది గాలికి ఊగిన ఆకు చప్పుడంత. ముందు దీన్ని ఓ వంద రెట్లు పెంచాలి. పెంచేటప్పుడు ఆ వంద ఎప్పుడూ వందలాగే ఉండాలి. ఎండలో 99, రాత్రి 101 అయితే మావయ్య వాళ్ళ మాట నిజమైపోతుంది.

ఆప్-యాంప్ సొంతంగా చేసే పని ఒక్కటే. దానికి ఇన్‌పుట్ పిన్నులు రెండు, ప్లస్, మైనస్. (741 చిప్‌లో 3వ పిన్ ప్లస్, 2వ పిన్ మైనస్, 6వ పిన్ అవుట్‌పుట్.) ప్లస్ మీదున్న వోల్టేజీ లోంచి మైనస్ మీదున్నది తీసేసి, వచ్చిన తేడాని భయంకరమైన ఒక సంఖ్యతో గుణించి అవుట్‌పుట్‌లో పెడుతుంది. ఆ సంఖ్యే ఓపెన్ లూప్ గెయిన్. నేను దాన్ని సొంత గెయిన్ అంటాను.

ఇప్పుడు డేటాషీట్ తెరవండి. మన ల్యాబుల్లో ఉండే 741సీ రకానికి సొంత గెయిన్ టిపికల్‌గా 2 లక్షలు. దాని పక్క గడిలో మినిమమ్ ఎంతో చూడండి: 20 వేలు. అంటే కంపెనీ వాడు చెప్పేది, "మామూలుగా 2 లక్షలు ఉంటుంది, 20 వేలు ఉన్నా తప్పు నాది కాదు" అని. పదో వంతు! ఒక కిలో పంచదార అడిగితే "కిలో ఉండొచ్చు, వంద గ్రాములు కూడా ఉండొచ్చు" అనే కొట్లో మనం సరుకు కొంటామా? పైగా ఈ సంఖ్య వేడికి మారుతుంది, సప్లై వోల్టేజీకి మారుతుంది, చిప్ మారిస్తే మారుతుంది.

అంటే మన చేతిలో ఉన్నది బోలెడంత బలం, కానీ నమ్మడానికి లేని బలం. నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్ దీన్ని దారిలో పెట్టే పద్ధతి.

సర్క్యూట్ ఇది. సెన్సర్ వైరు నేరుగా ప్లస్ పిన్‌కి. అవుట్‌పుట్ నుంచి ఆర్2 అనే రెసిస్టర్ వెనక్కి వచ్చి మైనస్ పిన్ దగ్గర ఆగుతుంది. అదే చోటు నుంచి ఆర్1 గ్రౌండ్‌కి దిగుతుంది. ఆర్1 = 1 కిలో ఓమ్, ఆర్2 = 100 కిలో ఓమ్ అనుకుందాం. (బ్రిడ్జికి అవుట్‌పుట్ వైర్లు రెండు ఉంటాయి. రెండో వైరు సంగతి చివర్లో చూద్దాం, ప్రస్తుతానికి ఒక్క వైరు, గ్రౌండ్ చాలు.)

ఆర్2, ఆర్1 కలిసి చేసే పని మనకి తెలిసిన వోల్టేజ్ డివైడరే. అవుట్‌పుట్‌లో ఎంత ఉంటే అందులో 101వ వంతు మైనస్ పిన్‌కి అందిస్తాయి. ఇక సర్క్యూట్‌ని స్లో మోషన్‌లో చూద్దాం. ఎవరూ ఇలా చూపించరు కానీ, నాకైతే ఇలా చూస్తేనే లోపల ఏం జరుగుతుందో తెలిసింది.

కాటా మీదకి 60 టన్నుల లోడు వచ్చింది. ప్లస్ పిన్ మీద 20 మిల్లీవోల్టులు. అవుట్‌పుట్ ఇంకా సున్నా, కాబట్టి మైనస్ పిన్ కూడా సున్నా. తేడా 20 మిల్లీవోల్టులు. దాన్ని 2 లక్షలతో గుణిస్తే 4,000 వోల్టులు! చిప్ అక్కడికి బయల్దేరుతుంది. వెళ్ళలేదనుకోండి, సప్లై 12 వోల్టులే. కానీ పైకి పరుగు మాత్రం మొదలైంది. అవుట్‌పుట్ 1 వోల్టుకి వచ్చేసరికి మైనస్ పిన్ మీద 9.9 మిల్లీవోల్టులు చేరాయి. తేడా 10.1. ఇంకా ప్లస్సే ఎక్కువ, ఇంకా పైకి. అవుట్‌పుట్ 2 వోల్టులు, మైనస్ పిన్ 19.8, తేడా 0.2. ఇంకాస్త. 2.02 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి మైనస్ పిన్ కూడా 20కి చేరింది. తేడా పోయింది, పరుగు ఆగింది. పొరపాటున 2.03కి దాటిందా, మైనస్ పిన్ ప్లస్‌ని మించిపోతుంది, తేడా రుణమవుతుంది, అవుట్‌పుట్ కిందకి దిగుతుంది. ఇదంతా అయిపోవడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

మన భాషలో చెప్పాలంటే ఇదొక వైల్ లూప్. "మైనస్, ప్లస్‌కి సమానం కానంతవరకు అవుట్‌పుట్ జరుపుతూ ఉండు." లూప్ ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది షరతు. ఎంత బలంగా జరుపుతున్నామన్నది కాదు. షరతులో ఉన్నవి ఆర్1, ఆర్2. చిప్ ఆ లూప్‌ని తిప్పే కూలీ మాత్రమే. మస్టర్లో పేరు ఎందుకు లేదో ఇదీ కారణం.

నిజానికి తేడా పూర్తిగా సున్నా అవదు. 2.02 వోల్టులు అవుట్‌పుట్‌లో నిలబడాలంటే ఎంతో కొంత తేడా ఉండాలి కదా, సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే. ఆ మిగిలే తేడా 2.02 ÷ 2,00,000, అంటే సుమారు 10 మైక్రోవోల్టులు. పుస్తకాల్లో "వర్చువల్ షార్ట్" అనే మాట దీని గురించే. రెండు పిన్నులూ లోపల ఎక్కడో కలిసిపోయాయని కాదు. ఫీడ్‌బ్యాక్ వాటిని ఒకే వోల్టేజీ దగ్గర నిలబెడుతోందని. ఫీడ్‌బ్యాక్ వైరు పీకేయండి, ఆ షార్ట్ మాయమైపోతుంది.

ఫార్ములాలో ఆ "1 +" ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తేలిపోతుంది. మైనస్ పిన్ మీద 20 మిల్లీవోల్టులు ఉన్నాయి, అంటే ఆర్1 మీద 20 మిల్లీవోల్టులు ఉన్నట్టే. 1 కిలో ఓమ్ గుండా 20 మైక్రోయాంపులు పారుతున్నాయి. మైనస్ పిన్ కరెంటు దాదాపు తీసుకోదు, కాబట్టి ఆ 20 మైక్రోయాంపులూ ఆర్2 గుండానే రావాలి. 100 కిలో ఓమ్‌ల మీద అది 2 వోల్టులు. అవుట్‌పుట్ అంటే ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు: ఆర్2 మీద 2 వోల్టులు, దాని కింద ఆర్1 మీద 0.02. వంద రెట్లు ఆర్2ది, ఒక రెట్టు ఆర్1ది. మొత్తం 101. ఆర్2 తీసేసి వైరు ముక్క పెడితే ఆ ఒక్క రెట్టే మిగులుతుంది, అదే బఫర్. ఈ సర్క్యూట్‌తో గెయిన్ ఒకటి కంటే తగ్గించడం కుదరకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక మావయ్య ఎండ ప్రశ్న. దీనికి కొంచెం ఆల్జీబ్రా కావాలి, ఒక్క లైను. సొంత గెయిన్‌ని 101తో భాగించండి. 2 లక్షలైతే 1980 వస్తుంది. దీన్ని లూప్ గెయిన్ అంటారు. అసలు గెయిన్ = 101 × (1980 ÷ 1981). అంటే 100.95. ఆ 1981లో ఒక్క వంతే మనకి తగ్గింది. ఎండకి సొంత గెయిన్ పావు వంతు పడిపోయి లక్షన్నర అయిందనుకోండి. 101 × (1485 ÷ 1486) = 100.93. సొంత గెయిన్ 25 శాతం పడిపోతే మనకి కనిపించే గెయిన్ 0.017 శాతం కదిలింది. పది టన్నుల మీద రెండు కిలోల లోపు. పది కిలోల మెట్లతో చూపించే కాటాలో అది డిస్‌ప్లే దాకా రాదు.

చిప్ పూర్తిగా చెడ్డదై 20 వేలే ఉంటే? 101 × (198 ÷ 199) = 100.49. ఇప్పుడు తేడా 0.45 శాతం, పది టన్నుల మీద 45 కిలోలు, 150 రూపాయల పైమాటే. కాబట్టి "సొంత గెయిన్ ఎంతైనా పర్లేదు" అని పుస్తకాలు అనేస్తే పూర్తిగా నమ్మకండి. కావలసిన గెయిన్ కంటే సొంత గెయిన్ ఎన్ని రెట్లు ఎక్కువ ఉందో, మన నమ్మకం అంత. వంద రెట్లు కావాలంటే లక్షలు చేతిలో ఉండాలి, మిగిలిన బలమంతా నిలకడ కోసం ఖర్చయిపోవాలి.

బలాన్ని కావాలని పారేసి నిలకడ కొనుక్కోవడం అనే ఈ ఆలోచన హెరాల్డ్ బ్లాక్‌ది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు. దూరం ఫోను లైన్లలో దారి పొడవునా యాంప్లిఫయర్లు పెట్టాలి, ఒక్కొక్కటి కొంచెం కొంచెం మాటని పాడు చేసేది, వరసగా పెట్టేసరికి చివర్లో ఏమీ అర్థమయ్యేది కాదు. 1927 ఆగస్టులో ఒక పొద్దున ఆఫీసుకి ఫెర్రీలో హడ్సన్ నది దాటుతూ ఉండగా ఐడియా వచ్చి, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీశాడు. 1928లో పేటెంటుకి పెడితే 1937లో వచ్చింది. అంత కష్టపడి సంపాదించిన గెయిన్‌ని వెనక్కి తిప్పి తగ్గించుకోవడం ఏంటని ఎవరికీ మింగుడు పడలేదు మరి. "ఆపరేషనల్ యాంప్లిఫయర్" అనే పేరు 1947లో రగజ్జిని బృందం రాసిన పేపర్‌తో వచ్చింది. ఆపరేషన్ అంటే కూడిక, తీసివేత, ఇంటిగ్రేషన్. అనలాగ్ కంప్యూటర్ల కోసం పుట్టిందన్నమాట. మన బ్రాంచికి ఇది బాబాయి వరస చుట్టం. 741 చిప్‌ని 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫులాగర్ డిజైన్ చేశాడు. ఇంత పాతది ఇంకా మన ల్యాబ్ డ్రాయర్లో ఉందంటే ముచ్చటే, కానీ దీన్ని కాటాలో మాత్రం పెట్టకూడదు. ఎందుకో చెప్తా.

చిప్ లోపల రెండు ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు అచ్చు ఒకేలా ఉండవు. అందుకని రెండు పిన్నులూ సమానంగా ఉన్నా అది సమానం కాదనుకుంటుంది. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. 741సీలో అది టిపికల్‌గా 2 మిల్లీవోల్టులు, మాక్సిమమ్ 6. మన కాటా మొత్తం సిగ్నలే 20! అంటే ఖాళీ ప్లేటు మీద 18 టన్నులు ఉన్నట్టు చూపించగలదు. జీరో బటన్ నొక్కి దాన్ని తీసేయొచ్చు, కానీ ఆ ఆఫ్‌సెట్ వేడికి జరుగుతుంది. ఒక్క పది మైక్రోవోల్టులు జరిగినా 30 కిలోలు. ఫీడ్‌బ్యాక్ దీన్ని సరిచేయలేదు, ఎందుకంటే సిగ్నల్‌కీ ఆఫ్‌సెట్‌కీ తేడా దానికి తెలీదు. రెండిటినీ కలిపి 101 రెట్లు చేస్తుంది. అందుకే కొలతల పనికి ఓపీ07 లాంటి ప్రెసిషన్ చిప్‌లు వాడతారు, వాటి ఆఫ్‌సెట్ పదుల మైక్రోవోల్టుల్లో ఉంటుంది, వేడికి కదిలేదీ తక్కువే.

అందుకని మావయ్యకి నేను చెప్పింది ఇది. ఎండకి గెయిన్ మారడం కంటే సున్నా జరగడమే ఎక్కువ అనుమానించాల్సింది. బండి కాటా ఎక్కకముందు డిస్‌ప్లేలో సున్నా ఉందో లేదో నీ కళ్ళతో చూడు. ఖాళీ బండిని కూడా అదే కాటా మీద, వీలైనంత త్వరగా తూయించు. రెండు తూకాల్లోనూ ఒకే తప్పు ఉంటే తీసివేతలో అది కొట్టుకుపోతుంది. ఇంకోటి, కొట్టిన చెరకు క్యూలో ఎండకి నిలబడితే నీరు ఆరిపోయి నిజంగానే బరువు తగ్గుతుంది. ఆ తేడా కాటాది కాదు, చెరకుది. దీనికి ఆయన "అది మాకు తెలుసులే" అన్నాడు.

చిప్‌ని నమ్మనక్కర్లేదు సరే, ఇప్పుడు భారమంతా రెసిస్టర్ల మీద పడింది. ల్యాబులో మనం వాడేవి బంగారు రంగు గీత ఉన్నవి, అంటే 5 శాతం అటూ ఇటూ. ఆర్2 ఎక్కువై 105, ఆర్1 తక్కువై 0.95 అయితే గెయిన్ 111 దాటుతుంది. అటు తిరిగితే 92 కంటే తక్కువ. మీ టేబుల్లో థియరిటికల్, ప్రాక్టికల్ కలవకపోతే చిప్‌ని తిట్టేముందు మల్టీమీటర్‌తో రెసిస్టర్లు కొలవండి. కాటాలో 0.1 శాతం మెటల్ ఫిల్మ్ రకాలు వాడతారు, ఆ మీద కాలిబ్రేషన్ ఉండనే ఉంది. అయితే ఇక్కడ ఒక అందం ఉంది. ఫార్ములాలో ఉన్నది నిష్పత్తి. రెండు రెసిస్టర్లూ ఒకే రకం అయి, ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉండి, ఎండకి రెండూ ఒక్క శాతం చొప్పున పెరిగితే ఆర్2 ÷ ఆర్1 అలాగే ఉంటుంది. ఇద్దరూ కలిసి పొడుగైతే ఎవరు పొడుగో తెలీనట్టు.

ఇంతవరకు గెయిన్ గురించి. కానీ "గెయిన్ ఎంతో రెసిస్టర్లే చెప్పడం" ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్‌లో కూడా ఉంది కదా, మరి దీన్నే ఎందుకు ఎంచుకోవాలి? గుర్తు తిరగబడదని అంటాం వైవాలో. గుర్తు తిరగబడితే కోడ్‌లో ఒక మైనస్ పెట్టుకుంటాం, అదేం పెద్ద విషయం కాదు. అసలు కారణం వేరు.

ఇన్వర్టింగ్‌లో సెన్సర్ కరెంటు ఆర్1 గుండా వెళ్ళాలి. అంటే సెన్సర్‌కి మన సర్క్యూట్ 1 కిలో ఓమ్ బరువులా కనిపిస్తుంది. మన బ్రిడ్జికి సొంతంగా 350 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంది. 1000 ÷ 1350 = 0.74. సిగ్నల్లో నాలుగో వంతు దారిలోనే పోయింది, పది టన్నులు ఏడున్నర టన్నుల లోపు కనిపిస్తాయి. కాలిబ్రేట్ చేసుకోవచ్చు అంటారా, ఆ 350 కూడా, పొడుగు కేబుల్ రెసిస్టెన్స్ కూడా ఎండకి మారతాయి. ఇప్పుడు గెయిన్ ఫార్ములాలోకి సెన్సర్ కూడా దూరిపోయింది.

నాన్-ఇన్వర్టింగ్‌లో సెన్సర్ వైరు నేరుగా ప్లస్ పిన్‌కి వెళ్తుంది. 741లో కూడా రెండు పిన్నుల మధ్య 2 మెగా ఓమ్‌లు ఉంటాయి. ఫీడ్‌బ్యాక్ రెండో పిన్‌ని కూడా అదే వోల్టేజీలో ఉంచడంతో ఆ మధ్యలో పారడానికి తేడా దాదాపు ఉండదు, సిగ్నల్‌కి అది గిగా ఓమ్‌లలా కనిపిస్తుంది. సెన్సర్‌కి తన వెనకాల ఎవరో ఉన్నారన్న సంగతే తెలీదు. తరాజు పట్టుకున్నవాడి చెయ్యి సరుకుకి తగలకూడదు, అంతే.

చెరకుకే కాదు, జాతీయ రహదారి మీద విశాఖ వైపు వెళ్తే వచ్చే స్టీల్ ప్లాంట్ లాంటి చోట్ల కరిగిన ఉక్కు వేడిని థర్మోకపుల్‌తో చూస్తారు. 1600 డిగ్రీల దగ్గర ఎస్ రకం థర్మోకపుల్ ఇచ్చేది సుమారు 16.8 మిల్లీవోల్టులు. అంత నిప్పుకి ఇంత సిగ్నల్! అక్కడ కూడా సెన్సర్‌ని కదపకుండా చదవాలి, అక్కడ కూడా మొదట కూర్చునేది ఈ రకం సర్క్యూటే.

ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఫీడ్‌బ్యాక్ తప్పకుండా 2వ పిన్‌కే రావాలి. 3వ పిన్‌కి ఇచ్చారంటే తేడా తగ్గే బదులు పెరుగుతుంది, లూప్ ఆగదు, అవుట్‌పుట్ వెళ్ళి సప్లైకి అతుక్కుపోతుంది. అలాగే 12 వోల్టుల సప్లై మీద 101 గెయిన్ పెట్టి 0.2 వోల్టుల ఇన్‌పుట్ ఇచ్చి 20 వోల్టులు రాలేదని అడగకండి. సుమారు 10, 11 దగ్గర తల తెగిపోతుంది.

ఇప్పుడు బాకీ పడ్డ రెండో వైరు. బ్రిడ్జికి 10 వోల్టులు ఇస్తే అవుట్‌పుట్ వైర్లు రెండూ 5 వోల్టుల దగ్గర ఉంటాయి. ఒకటి 5.01, ఇంకోటి 4.99, మనకి కావలసింది తేడా. ఒక వైరుని 101 రెట్లు చేస్తే 500 వోల్టులు కావాలి, కుదరదు. దీనికి చేసేది చూడండి. రెండు వైర్లకీ ఒక్కొక్క నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ పెడతారు. రెండు ఆర్1లనీ గ్రౌండ్‌కి దించకుండా, ఒకే రెసిస్టర్‌గా కలిపి రెండు మైనస్ పిన్నుల మధ్య వేస్తారు. రెండు వైర్ల మీదా ఉన్న ఉమ్మడి 5 వోల్టులు ఆ రెసిస్టర్‌కి రెండు వైపులా ఒకేలా ఉన్నాయి, కాబట్టి దాని వల్ల కరెంటే పారదు. కరెంటు పారకపోతే ఆర్2 మీద వోల్టేజీ లేదు, అంటే ఆ 5 వోల్టులకి గెయిన్ ఒకటే. 20 మిల్లీవోల్టుల తేడా మాత్రమే ఆ రెసిస్టర్‌లో కరెంటు పారిస్తుంది, అదొక్కటే పెరుగుతుంది. మధ్య రెసిస్టర్ 1 కిలో ఓమ్, ఆర్2లు చెరో 50 కిలో ఓమ్‌లు అయితే తేడాకి గెయిన్ 1 + (2 × 50), మళ్ళీ 101. వెనకాల మూడో ఆప్-యాంప్ ఒకటి తీసివేత చేసేస్తుంది. ఇదే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్. సిలబస్‌లో వేరే టాపిక్‌లా ఉంటుంది కానీ లోపల ఉన్నవి మన రెండే.

మీలో కొందరు ఆర్డుయినో ప్రాజెక్టుల్లో హెచ్ఎక్స్711 అనే చిన్న ఆకుపచ్చ బోర్డు వాడే ఉంటారు. 24 బిట్‌ల చిప్ అది, ఛానెల్ ఏలో గెయిన్ 128 పెడితే 5 వోల్టుల సప్లై మీద ప్లస్ మైనస్ 20 మిల్లీవోల్టుల వరకు చదువుతుంది. ఆ 20 ఎక్కడిదో ఇప్పుడు పోల్చుకుని ఉంటారు. లైబ్రరీలో మనం రాసే లైన్లు రెండు: టేర్ ఒకటి, స్కేల్ ఒకటి. టేర్ అంటే ఆఫ్‌సెట్‌ని తీసేయడం, స్కేల్ అంటే గెయిన్‌ని కిలోల్లోకి మార్చడం. కాటా ఇండికేటర్ డబ్బాలో ఉన్న ప్రోగ్రాం కూడా చేసేది ఇదే. కింద ఉక్కు, బ్రిడ్జి, ఆప్-యాంప్, రెసిస్టర్లు ఎంత నిజాయితీగా పనిచేసినా, స్కేల్ నంబర్లో ఒక్క శాతం ఎవరైనా జరిపితే పది టన్నులు 9.9 టన్నులు అవుతుంది. తూనికలు కొలతల శాఖ వాళ్ళు కాలిబ్రేషన్ చూశాక డబ్బాకి సీలు వేసేది ఆ నంబరు కోసమే.